గీకితే పోని తెలుపు

బొగ్గుబాయిలోకి బీడీ పోదు, అగ్గిపెట్టె పోదు. దిగేముందు ఒక్కొక్కరి జేబులూ నడుమూ తడుముతారు, అనుమానం వస్తే టోపీ కూడా తీయించి చూస్తారు. లోపల ఎక్కడ ఏ గ్యాసు కూర్చుని ఉందో ఎవరికి తెలుసు? ఒక్క పుల్ల గీస్తే అంతే సంగతులు. అందుకని కొత్తగూడెం గనుల్లో మా నాయన లాంటివాళ్లు పైన ఉన్నప్పుడు బీడీ తాగేవాళ్లు, లోపల ఉన్నప్పుడు తంబాకు పెట్టుకునేవాళ్లు. రేకు డబ్బీలో ఒక పక్క తంబాకు, ఇంకో పక్క సున్నం. రెండూ అరచేతిలో వేసి బొటనవేలితో నలిపి, నాలుగు చరుపులు చరిచి, దుమ్ము ఊదేసి ఎడమ బుగ్గలో పెట్టుకుంటే షిఫ్టంతా అదే తోడు. తంబాకు నోట్లో ఉంటే బొగ్గు దుమ్ము గొంతులోకి దిగదని వాళ్ల నమ్మకం. వ్యసనం అని ఎవరూ అనుకోలేదు, మందు అనుకునే పెట్టుకున్నారు. చిన్నప్పుడు నేను నాయన బొమ్మ గీస్తే ఎడమ బుగ్గ కాస్త ఉబ్బుగా గీసేదాన్ని. ఆయన ముఖమే అంత అనుకునేదాన్ని.

నాయన టింబర్‌మ్యాన్. గనిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. దుంగ పెట్టేముందు చేతికర్రతో కప్పును కొట్టి చెవి పెట్టి వినాలి. గట్టి కప్పయితే కంగుమంటుంది. పైకి నున్నగా ఉన్నా లోపల పగిలి ఉంటే గుల్ల చప్పుడు వస్తుంది. ముప్పై ఏళ్ల పైచిలుకు ఆయన ఆ చప్పుడు విని బతికాడు, ఆయన వెనక నడిచినవాళ్లూ బతికారు. ఇంట్లో కూడా ఊరికే ఉండేవాడు కాదు, పుచ్చకాయ కొన్నా, కొత్త కుండ కొన్నా, మా తమ్ముడి నెత్తి మీదైనా సరే వేలితో కొట్టి వినేవాడు. "ఇది గుల్లనే" అని వాణ్ని ఏడిపించేవాడు.

నేను రాయాలనుకున్నది ఇది కాదు, దీని వెనకాల దాక్కుంటున్నాను. నాయన నోట్లో పుట్టిన దాన్ని అందరికంటే ముందు చూసింది నేను. చూడటమే కాదు, పుల్ల పెట్టి గీకాను కూడా. అమ్మకు ఈనాటికీ చెప్పలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు భద్రాచలం అవతల, చర్ల పోయే దారిలో ఒక ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో సైన్సు టీచరుగా ఉద్యోగం. చుట్టూ అడవి. పిల్లల్లో ఎక్కువమంది కోయవాళ్లు. బడి వెనకే ఒక గది నాకు ఇచ్చారు. ఆ వానాకాలంలో నాయన సెలవు పెట్టి నన్ను చూడటానికి వచ్చాడు. అమ్మ పంపిన కారప్పూస డబ్బా, చింతకాయ తొక్కు సీసా చెరో చేతిలో పట్టుకుని బస్సు దిగుతూనే చుట్టూ చూసి, "ఇదేం ఊరు బిడ్డా, బాయిలనే వెలుతురు ఎక్కువున్నది" అన్నాడు. రెండో రోజుకే గోదావరి పెరిగింది. నది నీళ్లు వెనక్కి తన్నిన ఎగపోటుకు వాగు రోడ్డెక్కింది, బస్సులు బందయ్యాయి. నాయన నాలుగు రోజులు మా బళ్లోనే చిక్కుకుపోయాడు. పిల్లల మంచాల కోళ్లు బిగించాడు, వంటింటి కప్పు కర్రతో కొట్టి విని, ఒక మూల ఎవరూ నిలబడొద్దని చెప్పాడు.

బడికి సూక్ష్మదర్శిని వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. అంతకుముందు కణం అంటే నల్లబల్ల మీద నేను గీసిన గుండ్రం, మధ్యలో చుక్క. పిల్లలకు నిజం కణం చూపించాలని నాకు ఒకటే ఆరాటం. తొమ్మిదో తరగతికి పాఠం అదే. పద్ధతి చాలా తేలిక. అగ్గిపుల్ల మొండి కొసతో బుగ్గ లోపల మెల్లగా గీకాలి, ఆ తడిని గాజు పలక మీద రుద్దాలి, నీలం రంగు చుక్క వేసి చూడాలి. ఎవరు ముందుకొస్తారే అంటే ఒక్కతీ కదలలేదు. ముందు వరసలో పొడుగుపిల్ల లేచి, "అది ఎంగిలి గద మేడం. మన ఎంగిలి అద్దం మీద రాసి అందరం కండ్లు పెట్టి సూసుడేంది?" అంది. మిగతావాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను కోప్పడ్డాను. కోప్పడితే మరీ బిగుసుకున్నారు.

వరండాలో కూర్చుని వాన చూస్తున్న నాయన లోపలికి వచ్చాడు. "నాది గీకు బిడ్డా. ముసలోని ఎంగిలికి దోషం లేదు" అన్నాడు. పిల్లలందరూ లేచి నిలబడ్డారు. ఆయన బల్ల మీద కూర్చుని, నా చేతిలో అగ్గిపుల్ల చూసి, "బాయిలకైతే రానియ్యరు దీన్ని. ఈడ పర్వాలే, రానియ్యి" అని నోరు తెరిచాడు.

మబ్బు వెలుతురు చాలక ఒక పిల్ల చేతికి బ్యాటరీ లైటు ఇచ్చి పట్టుకోమన్నాను. ఎడమ బుగ్గ లోపల, తంబాకు కూర్చునే చోట, రూపాయి బిళ్లంత తెల్లటి మచ్చ ఉంది. వెల్లవేసి ఆరిన గోడలా గరుకుగా ఉంది.

"ఏంది నాయనా ఇది?"

"సున్నం కాటు. ఈమధ్య సున్నం ఘాటుగ వస్తున్నది. తగ్గుతది, మల్ల వస్తది" అన్నాడు, నోరు తెరిచే.

నేను అక్కడే గీకాను. మామూలు బుగ్గ మీద పుల్ల జారుతుంది, సన్నటి తడి పొర కొసకు అంటుకుని వస్తుంది. ఇక్కడ పుల్ల గరగరమని ఆగింది. కొంచెం గట్టిగా గీకాను. తెలుపు రాలేదు. పుల్ల పొడిగానే ఉంది. నలభై మంది పిల్లలు నా మొహం చూస్తున్నారు. మొదటిసారి చేస్తున్న ప్రయోగం, పాడైతే పరువు పోతుంది. ఈ బుగ్గ పనికిరాదు అనుకున్నాను. ఇదే మాట అనుకున్నాను, నాకు బాగా గుర్తుంది. పుల్ల పారేసి కొత్తది తీసుకుని కుడి బుగ్గలో గీకాను. క్షణంలో చక్కటి తడి వచ్చింది.

స్లైడు ఎంత బాగా వచ్చిందో! పలచటి నీలి రేకులు, ఒక్కొక్క రేకులో ముదురు చుక్క. పిల్లలు వరసకట్టి ఒక్కొక్కరే కన్ను పెట్టి చూశారు. ఎంగిలి అన్న పొడుగుపిల్ల రెండుసార్లు చూసి, "తాతకు లోపలంతా గిట్లనే ఉంటదా మేడం?" అని అడిగింది. నాయన కూడా చూశాడు. "ముప్పై ఏండ్లు భూమి లోపల సూసిన గని, నా లోపల ఎన్నడు సూడలే" అన్నాడు. ఆ సంబరంలో నేను పాఠం దంచేశాను. నోటి లోపలి పొర పది పదిహేను రోజుల్లో మొత్తం కొత్తదైపోతుంది, అడుగునున్న కణాలు ఒకటి రెండవుతూ పైకి నెడుతుంటాయి, పైవి రాలిపోతుంటాయి, అందుకే నోట్లో పుండు ఇట్టే మానుతుంది అని. నాయన వైపు తిరిగి, "నీ సున్నం కాటు కూడా అంతే, రెండు వారాలు తంబాకు ఆపితే కొత్త పొర వస్తుంది" అన్నాను. ఆయన తల ఊపాడు. నాలుగో రోజు వాగు తీసింది, బస్సెక్కి వెళ్లిపోయాడు. రెండు వారాల తర్వాత మచ్చ పోయిందా అని నేను అడగలేదు.

దీపం కింద చీకటి అంటారు కదా. ఊరందరికీ కణాల గురించి చెప్పే నేను మా ఇంట్లో అడగాల్సిన ఒక్క మాట అడగలేదు.

ఆ వారమే పిల్లల రికార్డులు దిద్దాను. బుగ్గ కణం బొమ్మ వేసి భాగాలు రాయమంటే, ఎవరో ఒక పిల్ల దానికి కణకవచం రాసింది. కణకవచం మొక్కలకే ఉంటుంది, మన కణానికి ఉండదు. ఆ పిల్ల పుస్తకం చూసి పక్కపిల్ల రాసింది, ఆమెది చూసి వెనకపిల్ల రాసింది. చూసి రాయడంలో ఇంకొకతె తన తప్పు కూడా కలిపి పత్రహరితం చేర్చింది, మనిషి బుగ్గలో ఆకుపచ్చ! చివరి రికార్డుకు వచ్చేసరికి అది బుగ్గ కణమో చింతాకో తెలియలేదు. అందరినీ నిలబెట్టి ముందు రాసింది ఎవతె అని అరిచాను. ఎవరికీ తెలియదు. ప్రతి పిల్లా తన ముందున్న పుస్తకాన్ని నమ్మకంగానే దించుకుంది.

కణం రెండు కావడమూ అంతే. ముందు తన లోపలి రాతనంతా రెండో ప్రతి రాసుకోవాలి. రాశాక తప్పులు దిద్దుకునే ఏర్పాటు దానికే ఉంది. దిద్దలేనంత తప్పయితే అది విడిపోకుండా ఆగిపోతుంది, లేదా తనంతట తనే చచ్చిపోతుంది. పక్క కణం తగలగానే పెరగడం ఆపేస్తుంది. ఇన్ని కాపలాలు దాటుకుని ఎక్కడో ఒక తప్పు మిగిలిపోతుంది. ఆ కణాన్ని చూసి దాని పిల్లలు, వాటిని చూసి వాటి పిల్లలు. రోజూ సున్నంతో పొక్కే చోట, రోజూ మాని రోజూ మళ్లీ రాసుకోవాల్సిన చోట, తప్పు దొర్లే వీలు ఎక్కువ. పుండు ఇట్టే మానుతుందని నేను మురిసిపోయి చెప్పిన గుణమే మా నాయన బుగ్గకు చేటయింది. ఇదంతా నాకు పుస్తకంలో తెలుసు. ఆ మచ్చకు కలిపి చదువుకోలేదు, అంతే.

మూడేళ్లు గడిచాయి. నాయన రిటైరయ్యాడు. ఇంక గనిలోకి దిగే పని లేదు, బీడీ ఎక్కడైనా తాగొచ్చు. అయినా తంబాకు వదల్లేదు. "అలవాటైన ప్రాణం" అనేవాడు. ఒక వేసవిలో నేను ఇంటికి వెళ్లేసరికి అన్నం ముద్ద చిన్నది చేసి పెట్టుకుంటున్నాడు. ఏమిటని అడిగితే నోరు తెరుచుకోవడం లేదన్నాడు. ఎడమ పక్క పన్ను కదులుతోంది. నోటి దగ్గరికి వెళ్తే వాసన. రెండు వేళ్లు పట్టనంత సందులోంచి లైటు వేసి చూశాను. తెలుపు లేదు. అక్కడ అంచులు లేచిన ఎర్రటి పుండు ఉంది. అమ్మ వెనక నుంచి, "పన్ను పీకిస్తే సరిపాయె, ఊకె భయపెట్టకు" అంది.

గనుల కంపెనీ దవాఖానాలో చూసినవాళ్లు ఆలస్యం చేయకుండా హైదరాబాదు పంపారు. అక్కడి పెద్ద దవాఖానాలో ముక్క తీసి పరీక్ష చేశారు. ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడింది. నా వయసే ఉంటుంది. తొందర పడకుండా, ఒక్కొక్క మాటా చెప్పింది. తర్వాత నాయనను అడిగింది.

"ఇది ఒక్కసారిగా వచ్చింది కాదండీ. ముందు అక్కడ తెల్ల మచ్చ ఉండి ఉంటుంది. ఎప్పుడైనా ఎవరైనా చూశారా? గీకి చూశారా?"

గీకడం ఎందుకు అని నేను అడిగాను.

"నోట్లో తెలుపు రకరకాలుగా వస్తుంది. కొన్ని గీకితే లేచొస్తాయి, వాటితో అంత భయం లేదు. గీకినా పోని తెలుపు ఉంటే మాత్రం వెంటనే ముక్క తీసి చూడాలి. మేం మొట్టమొదట చేసే పరీక్ష అదే. ఆ దశలో వచ్చినవాళ్లకు చాలామందికి చిన్న కోతతో సరిపోతుంది."

నేను నేలకేసి చూస్తున్నాను. డాక్టర్లు మొట్టమొదట చేసే పరీక్షను నేను మూడేళ్ల కింద, బ్యాటరీ లైటు వెలుగులో, నలభై మంది సాక్షుల ముందు చేశాను. ఫలితం నా చేతిలో పొడిపుల్లగా ఉంది. పారేశాను.

నాయన నా వైపు చూడలేదు. "లేదమ్మా. ఎవ్వరు సూడలే. నేనే ఎవ్వరికి సూపియ్యలే" అన్నాడు.

నేను బల్ల మీది పరీక్ష కాగితాలు తీసి సంచిలో పెట్టుకున్నాను.

ఆపరేషన్‌లో ఎడమ బుగ్గ, కింది దవడలో సగం, మెడలో గడ్డలు తీసేశారు. బుగ్గ ఉన్న చోట ఖాళీ కాబట్టి ఛాతీ మీద నుంచి కండా చర్మమూ కలిపి పైకి తిప్పి, నోటి లోపల అతికారు. ముక్కులో గొట్టం వేసి దాని ద్వారా జావ పోసేవాళ్లం. కొన్నాళ్లకు నాయన నోట్లో వెంట్రుకలు మొలిచాయి. ఛాతీ చర్మం కదా, నోట్లో పెట్టినా అది ఛాతీ చర్మమే. దాని కణాలు తమ పాత రాతనే దించుకుంటూ పోయాయి, ఎక్కడికొచ్చామో చూసుకోలేదు. అద్దంలో చూసుకుని నాయన నవ్వాడు. సగం నోటితో, మాట ముద్దముద్దగా, "బయట మీసం తెల్లగయింది, లోపల నల్లగ మొలుస్తున్నది బిడ్డా" అన్నాడు. ఆ రోజు అమ్మ కూడా నవ్వింది. ఆ ఏడాది మేం ముగ్గురం కలిసి నవ్వింది ఆ ఒక్కసారే అనుకుంటాను.

తర్వాత కరెంటు. అక్కడ అందరూ రేడియేషన్‌ను కరెంటు అనే అంటారు, కరెంటు పెట్టించుకోవడానికి వచ్చామంటారు. ఆరు వారాలు, వారానికి ఐదు రోజులు. దవాఖానా దగ్గరే ఒక గది కిరాయికి తీసుకున్నాం. నేను జీతం లేని సెలవు పెట్టాను. ముఖం కదలకుండా వలలాంటి ప్లాస్టిక్ ముసుగు వేసి బల్లకు బిగించి, మిగతా అందరూ బయటికొచ్చి తలుపు మూసేస్తారు. భయమేసిందా అని మొదటి రోజు అడిగాను. "చీకటికి భయపడతనా నేను? పైకప్పు ఎవరు కొట్టి సూసిన్రో తెల్వది, గదే జర ఇబ్బంది" అన్నాడు.

మొత్తం కరెంటు ఒక్కరోజే పెట్టేస్తే పోయేదానికి ఇన్నాళ్లెందుకని ఆయన అడిగితే నేనే చెప్పాను. కణం రెండుగా విడిపోయే సమయంలో దెబ్బ గట్టిగా తగులుతుంది. అన్ని కణాలూ ఒకేసారి విడిపోవు కదా, ఇవాళ కొన్ని, రేపు కొన్ని. మంచి కణాలకూ దెబ్బ తగులుతుంది కానీ అవి ఒక రోజు సందిస్తే తమను తాము బాగు చేసుకుంటాయి, చెడ్డవాటికి ఆ ఓపిక తక్కువ. అందుకే రోజూ కొంచెం, శని ఆదివారాలు విరామం. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"అంటే షిఫ్టుల లెక్క అన్నట్టు. ఫస్ట్ షిఫ్టోడు తప్పించుకుంటే సెకండ్ షిఫ్టోడు దొరుకుతడు. మంచోళ్లకు మాత్రం ప్లేడే ఇస్తున్నరు."

గనిలో వారపు సెలవును ప్లేడే అంటారు. నా క్లాసులో ఇంత బాగా అర్థం చేసుకున్న పిల్ల ఇంతవరకు దొరకలేదు. ఆ మాట ఆయనతో అన్నాను కూడా. సంతోషపడ్డాడు.

వారానికోసారి సెలైనులో మందు ఎక్కించేవాళ్లు. అది మరీ గుడ్డిది, వేగంగా రెండయ్యే ప్రతి కణాన్నీ పడగొడుతుంది. దానికి చెడ్డదీ మంచిదీ తెలియదు. నోటి పొర, కడుపు పొర వేగంగా పెరిగేవే కాబట్టి వాటికీ దెబ్బే. నోరంతా పూసి ఉమ్మి ఎండిపోయింది, నీళ్లు మింగినా కారం తాగినట్టు కళ్లెంట నీళ్లు. లోపల మొలిచిన నల్ల వెంట్రుకలు కూడా కరెంటుకు రాలిపోయాయి. ఇవన్నీ ఎందుకు జరుగుతున్నాయో ఆయన అడిగినప్పుడల్లా నేను విడమర్చి చెప్పేదాన్ని. పాఠం చెప్తున్నంతసేపూ నేను టీచరుని. ఆపితే పుల్ల పారేసిన కూతుర్ని. అందుకే ఆపేదాన్ని కాదు.

ఇంటికొచ్చాక ఐదారు నెలలు బాగానే ఉన్నాడు. గొట్టం తీసేశారు. మెత్తగా పిసికిన పెరుగన్నం తినేవాడు. తంబాకు డబ్బీ అమ్మ బావిలో పారేసింది. సాయంత్రాలు చౌరస్తా దాకా నడిచి, తువ్వాలతో ముఖం సగం కప్పుకుని కూర్చునేవాడు. అప్పుడు మెడ కింద గట్టిగా ఒక కాయ తగిలింది. అమ్మ దాన్ని చలి గడ్డ అంది. నేను ఈసారి ఎవరి మాటా వినలేదు, ఆ రోజే బస్సెక్కించాను. డాక్టరమ్మ వేలితో మెడంతా తడిమి చూసింది. ఎక్కడో ఒక్కటి మిగిలినా చాలు కదా, ఒకటి రెండు, రెండు నాలుగు. మళ్లీ కోసే వీలు లేదని, కరెంటు మళ్లీ అక్కడే పెట్టలేమని, నొప్పి తెలియకుండా చూసుకోమని చెప్పి మందులు రాసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఎట్లా ఉంటుందో ఆ తిరుగు బస్సులో తెలిసింది. నాయన ఖమ్మం దాటేదాకా కిటికీలోంచి మిరప చేలు చూస్తూ కూర్చున్నాడు.

చివరికి మాట పూర్తిగా పోయింది. బళ్లో నుంచి ఒక పలక, బలపం తెచ్చిచ్చాను. మూడో తరగతి చదివిన మనిషి, అక్షరాలు పెద్దపెద్దగా, వంకరగా రాసేవాడు. నీళ్లు. పక్క మార్చు. అమ్మ తిన్నదా. ఇవే ఎక్కువ.

ఒక మధ్యాహ్నం అమ్మ రేషన్ దుకాణానికి వెళ్లింది. ఇంట్లో మేమిద్దరమే. నేను మంచం పక్కన కూర్చుని, ఇంక దాచుకోలేక చెప్పేశాను.

"నాయనా, ఆ రోజు బళ్లె గీకినప్పుడు ఆ తెలుపు రాలే. నాకు ఎరుకయింది. పిల్లలు సూస్తున్నరని పక్క బుగ్గకు పోయిన. డాక్టరమ్మ అడిగితే గూడ చెప్పలే."

ఆయన పలక అందుకున్నాడు. రాసి నా వైపు తిప్పాడు.

నాకూ ఎరుకే.

తడిగుడ్డతో తుడిచి మళ్లీ రాశాడు. ఆలస్యమవుతుంటే నేను పలక అంచు పట్టుకున్నాను.

పుల్ల గుచ్చినా నొప్పి కాలే. గుల్ల కప్పు.

ముప్పై ఏళ్లు కప్పు కొట్టి విన్న మనిషికి తన నోట్లో గుల్ల చప్పుడు ఆ రోజే వినపడింది. నాకంటే ముందే. ఎందుకు చెప్పలేదు అన్నాను. అరిచాననుకుంటాను. ఆయన తుడిచి రాశాడు.

తంబాకు బంద్ జేపిస్తవని.

నాకు ఏడుపు రావలసింది. కోపం వచ్చింది. చిన్నప్పటి నుంచి నాకు అదే జబ్బు, ఏడవాల్సిన చోట కోపమొస్తుంది. "గంత తంబాకు కోసమా? చిటికెడు తంబాకు కోసం మమ్మల్నందర్ని ఇడిసిపెట్టినవా?" అని పలక మంచం మీద పడేసి పెరట్లోకి పోయాను. బట్టల తాడు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. చెప్పి ఉంటే ఆపమనేదాన్నే కదా. బడి నుంచి ఉత్తరాలు రాసి రాసి చంపేదాన్ని. ఆయనకు నా సంగతి తెలుసు. ఎనిమిది గంటలు చీకట్లో, బీడీ లేకుండా, కప్పు కింద చెవి పెట్టి నిలబడే మనిషికి ఆ చిటికెడు ఏమిటో నాకు తెలియదు.

లోపలికి వచ్చేసరికి పలక శుభ్రంగా తుడిచి గోడకు ఆనించి ఉంది. ఆయన నిద్రపోతున్నాడు, లేదా నిద్రపోయినట్టు పడుకున్నాడు. ఆ తర్వాత రెండు వారాలు కూడా లేడు. ఆ రెండు వారాల్లో కావలసినన్ని నీళ్లిచ్చాను, పక్క మార్చాను. ఆ మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు. కోపగించుకున్నందుకు క్షమించమని అడగలేదు. ఆయన కూడా ఏమీ రాయలేదు.

నేను ఇప్పటికీ తొమ్మిదో తరగతికి అదే ప్రయోగం చేయిస్తాను. బుగ్గ నాదే గీక్కుంటాను, పిల్లలకు ఇంకా ఎంగిలి పట్టింపే. అంతకుముందు ఒక్కొక్కరినీ వెలుతురులోకి పిలిచి నోరు తెరవమని రెండు బుగ్గలూ చూస్తాను. తంబాకు పెట్టుకునే తల్లిదండ్రులున్న పిల్లలను, ఇంటికెళ్లి వాళ్ల నోరూ చూసి రమ్మంటాను. పిల్లలు నవ్వుకుంటారు. మేడంకు నోటి పిచ్చి అని పేరు పెట్టారని నాకు తెలుసు. ఇంతవరకు ఇద్దరు తండ్రులను, ఒక అమ్మమ్మను భద్రాచలం దవాఖానాకు పంపగలిగాను. దానితో నా లెక్క సరిపోయిందని నేను అనుకోను.

అమ్మ ఇప్పటికీ సున్నాన్నే తిడుతుంది. అప్పట్లో చౌరస్తా దగ్గర సున్నం అమ్మిన కొట్టువాణ్ని, వాడు పోయి ఎన్నేళ్లయినా, వదిలిపెట్టదు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడల్లా ఏదో ఒక పని చేసుకుంటూ ఆ మాట తెస్తుంది. మొన్న వెళ్లినప్పుడు ఇద్దరం గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాం.

"ఆ సున్నం పాడుగాను, మనిషినే తినేసింది" అంది. ఇంకో కాయ అందుకుని, "నీకన్న సూపిస్తే బాగుండు. సదువుకున్నదానివి, ఒక్కసారి నీ కంట్ల పడితే పట్టుకుందువు. నువ్వు ఇడిసిపెట్టేదానివా బిడ్డా? నీకే సూపియ్యకపాయె" అంది.

"అవ్ అమ్మా" అన్నాను, కాయకు ఈనె తీస్తూ.